తువ్వాలు చుట్టిన గ్లాసే ముందు చల్లారింది! ఎక్కడ తప్పు చేశాం?

వంటింటి_కిటికీ (రాజమండ్రి) | ఆదివారం ఉదయం 11:20

అందరికీ నమస్కారం. మా మామయ్యగారికి పొద్దున్నే టీ ఇస్తే, ఆయన పేపర్లో సంపాదకీయం దాకా వెళ్లేసరికి అది చల్లారిపోతుంది. "అమ్మాయ్, కాస్త వెచ్చబెట్టి పట్రా" అంటారు. వెచ్చబెట్టి ఇస్తే చేదెక్కిందంటారు. రోజూ ఇదే తంతు.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూల్లో ఏదైనా ప్రయోగం చేసుకు రమ్మన్నారట. తాతయ్య టీ మీదే చేద్దామని కూర్చుంది. నాలుగు స్టీలు గ్లాసులు, ఒక్కోదాంట్లో మరిగించిన నీళ్లు 150 మి.లీ. ఒకటి అలాగే వదిలేసింది. ఒకదానికి తువ్వాలు చుట్టింది. ఒకదాని మీద చిన్న ప్లేటు మూత పెట్టింది. నాలుగోదానికి అల్యూమినియం ఫాయిల్ చుట్టింది. ఆన్‌లైన్లో కొన్న వంటింటి డిజిటల్ థర్మామీటర్‌తో 20 నిమిషాల తర్వాత చూస్తే:

అలాగే వదిలేసింది 52 డిగ్రీలు
తువ్వాలు చుట్టింది 49
ప్లేటు మూత 65
ఫాయిల్ 53

తువ్వాలుదే గెలుస్తుందని తాతయ్య పది రూపాయలు పందెం కాశారు. అదేమో అన్నిటికంటే అడుగున ఉంది. వేడిగా ఉండాలని చుట్టింది చల్లబరచడమేంటి? సోమవారం టీచర్‌కి చూపించాలి, పిల్ల టెన్షన్ పడుతోంది.

గోదారి_గట్టు | 11:31

తాతయ్య పది రూపాయలు ఇచ్చారా లేదా? అది ముందు చెప్పండి.

నాలుగో_ఫ్లోర్ (హైదరాబాద్) | 11:40

థర్మామీటర్ తేడా అయి ఉంటుంది. మరుగుతున్న నీళ్లలో పెట్టి 100 దగ్గర చూపిస్తోందో లేదో చూడండి. ముక్కలు చేసిన ఐసు, కాసిని నీళ్లు కలిపి దాంట్లో పెడితే సున్నా రావాలి.

సుద్దముక్క (రిటైర్డ్ ఫిజికల్ సైన్స్ టీచర్) | మధ్యాహ్నం 12:15

థర్మామీటర్‌ని తర్వాత అనుమానిద్దాం. అమ్మా, నాలుగు ప్రశ్నలకి జవాబు చెప్పండి.

ఫ్యాను తిరుగుతోందా? నాలుగు గ్లాసులూ ఒకే చోట ఉన్నాయా, లేక ఒకటి గ్రానైట్ గట్టు మీద, ఒకటి పేపరు మీద ఉన్నాయా? పోసేటప్పుడు ముందు దేంట్లో పోశారు? అన్నిటికంటే ముఖ్యం, ఆ తువ్వాలు పూర్తిగా పొడిదేనా?

వంటింటి_కిటికీ | 12:42

మాస్టారూ, మీరు మా ఇంట్లో కూర్చుని చూసినట్టు అడిగారు. ఫ్యాను ఐదు మీద ఉంది. తువ్వాలు గ్లాసు డైనింగ్ టేబుల్ చివర, సరిగ్గా ఫ్యాను కింద ఉంది. ముందు పోసింది కూడా దాంట్లోనే. తువ్వాలు పొద్దున మావారు స్నానం చేసి ఆరేసింది. ఇప్పుడు చెయ్యి పెట్టి చూశాను, చెమ్మగానే ఉంది.

సుద్దముక్క | 1:05

దొరికాడు దొంగ.

ఎండాకాలంలో కుండకి తడిగుడ్డ ఎందుకు చుడతాం? ఆ తడి ఆరుతూ కుండలో వేడిని లాక్కుపోతుంది. మీ అమ్మాయి సరిగ్గా అదే చేసింది, కాకపోతే టీ గ్లాసుకి చేసింది. చెమ్మగా ఉన్న గుడ్డ, పైన ఫ్యాను. ఇంక చల్లారక ఏమవుతుంది? పైగా గుడ్డలో చలి ఆపేది నూలు కాదు, నూలు పోగుల మధ్య చిక్కుకున్న గాలి. ఆ ఖాళీల్లో నీరు చేరితే గుడ్డ పని అయిపోయినట్టే. గాలి కంటే నీటికి వేడిని దాటించే గుణం ఇరవై రెట్లకు పైనే.

పాపని తిట్టకండి. ఈ తప్పుని రికార్డులో రాయమనండి, మార్కులు దానికే వస్తాయి. నేనైతే వేసేవాణ్ణి.

మళ్లీ చేసేటప్పుడు ఫ్యాను ఆపండి. నాలుగు గ్లాసుల కిందా ఒకే రకం అట్టముక్క పెట్టండి. అన్నిట్లోనూ నీళ్లు 85 డిగ్రీలకు వచ్చినప్పుడే లెక్క మొదలుపెట్టండి. ఏ గ్లాసు టైము ఆ గ్లాసుదే. ఐదేసి నిమిషాలకి ఒకసారి రాయండి. థర్మామీటర్ పెట్టేముందు ఒకసారి కలపాలి, పైన వేడి, అడుగున చల్లన ఉంటుంది.

పాలమీగడ | 1:20

థర్మామీటర్ కొనకుండా ఇంట్లో జ్వరం చూసేది వాడొచ్చా?

సుద్దముక్క | 1:24

వద్దమ్మా, అస్సలు వద్దు! పాదరసం ఉన్న జ్వరం థర్మామీటర్ 42 డిగ్రీల దాకానే. వేడి టీలో పెడితే గాజు పగిలి పాదరసం టీలో పడుతుంది. పగలకపోయినా పనికిరాదు. నోట్లోంచి తీశాక అంకె దిగిపోకుండా దాని గొట్టంలో ఒక నొక్కు ఉంటుంది. చల్లారడం కొలవాలంటే దిగే థర్మామీటర్ కావాలి.

నాలుగో_ఫ్లోర్ | 1:30

(నేను చిన్నప్పుడు ఇలాగే ఒకటి పగలగొట్టి, జ్వరం వచ్చినట్టు నటిస్తూ పడుకున్నాను. అమ్మకి ఇప్పటికీ తెలీదు.)

వంటింటి_కిటికీ | రాత్రి 8:10

మళ్లీ చేశాం. ఉక్కకి చచ్చాం గానీ ఫ్యాను వెయ్యలేదు. గదిలో 30 డిగ్రీలు. తువ్వాలు ఇస్త్రీ పెట్టె కింద పెట్టి మరీ ఎండబెట్టింది పిల్ల. 85 నుంచి 20 నిమిషాల్లో:

అలాగే వదిలేసింది 63
పొడి తువ్వాలు, మూత లేదు 66
మూత ఒక్కటే 72
మూత, తువ్వాలు రెండూ 76
ఫాయిల్, మూత లేదు 63

అలాగే వదిలేసినది ఐదేసి నిమిషాలకి 85, 78, 72, 67, 63. ముందు ఏడు, తర్వాత ఆరు, ఐదు, నాలుగు. ఇంత చక్కగా దిగుతుందనుకోలేదు. "అమ్మా, ఇది మెట్లు దిగుతోంది" అంది.

రెండు డౌట్లు. ఒంటినిండా తువ్వాలు చుడితే మిగిలింది 3 డిగ్రీలు, పైన చిన్న ప్లేటు పెడితే 9! ఇంతేనా తువ్వాలు విలువ? రెండోది, ఫాయిల్ ఎందుకు పనిచెయ్యలేదు? ఆహారం పార్సిల్ అంతా దాంట్లోనే కదా చుడతారు?

సుద్దముక్క | 8:55

ముందు మెట్ల సంగతి. గదికీ టీకీ మధ్య తేడా ఎంత ఎక్కువుంటే అంత వేగంగా చల్లారుతుంది. తేడా తగ్గేకొద్దీ నెమ్మదిస్తుంది. న్యూటన్ 1701లో తన పేరు వేసుకోకుండా ప్రచురించిన ఒక చిన్న వ్యాసంలో ఈ సంగతి ఉంది. ఎర్రగా కాలిన ఇనుప ముక్క ఎంత సేపటికి చల్లారుతుందో చూశాడు. దాన్ని కదలని గాలిలో కాక, ఒకే తీరున వీచే గాలిలో పెట్టాడు. మీరు మొదట ఫ్యాను కింద పెట్టినట్టే, కాకపోతే ఆయన కావాలని పెట్టాడు.

ఫాయిల్ సంగతి. వేడి వస్తువు నుంచి కొంత వేడి కాంతి లాగా కిరణాల రూపంలో పోతుంది. మెరిసే తలం దాన్ని తక్కువగా వదులుతుంది. మీ స్టీలు గ్లాసు అప్పటికే తళతళలాడుతోంది. మెరిసేదానికి ఇంకో మెరుపు చుడితే కొత్తగా ఒరిగేదేముంది? అదే ఫాయిల్‌ని గాజు గ్లాసుకి చుట్టి చూడండి.

మూత సంగతి ఎవరైనా తూకం వేసి చెబితే బాగుంటుంది. నా దగ్గర కిచెన్ త్రాసు లేదు.

డాలస్_డికాక్షన్ | సోమవారం ఉదయం 6:30 (మీ టైము)

నా దగ్గర ఉంది మాస్టారూ. ఇడ్లీ పిండికి బియ్యం, పప్పు కొలవడానికి కొన్నది. ఇవాళ ఆదివారం సాయంత్రం మాకు, ఇంట్లో ఏసీ, 22 డిగ్రీలు.

స్టీలు గ్లాసులో 200 గ్రాముల నీళ్లు. మూత లేకుండా 85 నుంచి 60కి రావడానికి 25 నిమిషాలు పట్టింది. త్రాసు చూస్తే 5 గ్రాములు తగ్గింది. ఒక చెంచాడు నీళ్లు నా కళ్ల ముందే గాల్లో కలిసిపోయాయి, అదేగా ఆవిరంటే! మూత పెట్టి చేస్తే త్రాసు ఒక గ్రాము కూడా తగ్గలేదు.

ఇక లెక్క. ఒక గ్రాము నీరు ఒక డిగ్రీ చల్లారితే 4.18 జౌల్స్ పోతాయి. 200 గ్రాములు, 25 డిగ్రీలు, అంటే 20,900 జౌల్స్. ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 2,300 జౌల్స్ తీసుకుపోతుంది. ఐదు గ్రాములకి 11,500. సగం పైన వేడి ఒక్క ఆవిరి రూపంలోనే పోయింది! పక్కల నుంచి, అడుగు నుంచి, మిగతా అన్ని దారుల నుంచీ కలిపి పోయింది సగం కంటే తక్కువ.

అక్కా, మీ 150 మి.లీ. గ్లాసులో ఒక్క గ్రాము ఆవిరైతే టీ మూడున్నర డిగ్రీలు పడిపోతుంది. అందుకే ప్లేటు గెలిచింది, తువ్వాలు ఓడింది. తువ్వాలు కిటికీలు మూసింది, వీధి తలుపు బార్లా తెరిచే ఉంది.

గోదారి_గట్టు | 7:02

ఇడ్లీకి త్రాసు పెట్టి కొలుస్తారా అమెరికాలో? మా అమ్మమ్మ వింటే మూర్ఛపోతుంది.

టీబండి_అన్న (వరంగల్) | 7:45

పొద్దుగాల గిరాకీ అయినంక చూసిన ఈ ముచ్చట. పదకొండేళ్ల నుంచి బండి నడుపుతున్న, ఆఫీసులకు ఫ్లాస్కులల్ల టీ పంపుత. నాకు జౌల్స్ తెల్వదు గాని రెండు మాటలు చెప్త.

ఫ్లాస్కుల టీ పోసే ముందు మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలు మూత పెట్టి ఉంచాలె. అవి పారబోసి వెంటనే టీ పొయ్యాలె. చల్లటి ఫ్లాస్కుల పోస్తే మొదటి వేడంతా ఫ్లాస్కే తాగుతది. రెండోది, సగం ఫ్లాస్కు పంపొద్దు. ఆరు కప్పులు ఆర్డరొస్తే చిన్న ఫ్లాస్కు నిండ పంపుత గాని పెద్ద దాంట్ల సగం పంప.

కొత్తల ఒక ఆఫీసుకు పెద్ద ఫ్లాస్కుల అడుగున నాలుగు కప్పులు పంపిన. గోరువెచ్చగ అయిందని వాపసు పంపిన్రు. ఆ దినం నేర్చుకున్న.

నాలుగో_ఫ్లోర్ | 9:30

అన్న చెప్పింది మా ఆఫీసు మగ్గుకి కూడా వర్తిస్తుంది. నేనూ థర్మామీటర్ కొన్నాను, అంటుకుంది జబ్బు.

ఇంతకాలం పింగాణీ మగ్గు మందంగా ఉంటుంది కాబట్టి వేడి నిలుస్తుందనుకున్నాను. నాది 320 గ్రాములు. 88 డిగ్రీల నీళ్లు 150 మి.లీ. పోస్తే రెండు నిమిషాల్లో 76! వేడంతా మగ్గు మింగేసింది. తర్వాత మాత్రం నెమ్మదిగా దిగింది. ముందు వేడినీళ్లతో కడిగి, నింపి రెండు నిమిషాలు ఉంచి, పారబోసి పోస్తే 83. స్టీలు గ్లాసు సన్నం, 70 గ్రాములే, పెద్దగా మింగలేదు. చెయ్యి కాలడం వేరే సంగతి.

పేపరు కప్పులు ఒకదాంట్లో ఒకటి పెడితే కూడా రెండు మూడు డిగ్రీలు మిగిలాయి, మధ్యలో గాలి వల్ల. కానీ రోజుకి ఎనిమిది కప్పులు పారెయ్యలేం కదా.

సుద్దముక్క | 10:10

అన్న చెప్పిన సగం ఫ్లాస్కు సంగతిలో పెద్ద సూత్రమే ఉంది. పెళ్లిలో గుండిగలో సాంబారు మధ్యాహ్నం మూడింటికి కూడా పొగలు కక్కుతుంది. అదే సాంబారు మీ ఇంటికి చిన్న గిన్నెలో తెస్తే అరగంటలో చల్లారుతుంది. వేడి లోపలి సరుకంతటా ఉంటుంది, పోయేది మాత్రం పైతలం నుంచి. సరుకు పెరిగినంతగా తలం పెరగదు.

ఇక ఫ్లాస్కు అసలు వేడి కోసం పుట్టిందే కాదు. జేమ్స్ డ్యూవర్ అనే శాస్త్రవేత్త 1892లో అతి చల్లటి ద్రవవాయువులు మరిగిపోకుండా దాచుకోవడానికి జంట గోడల గాజు పాత్ర చేయించాడు. గోడల మధ్య గాలి తీసేశాడు, వెండి పూత పూయించాడు. గాలి లేకపోతే వేడిని మోసేవాడు లేడు, పూత ఉంటే కిరణాలు దాటవు. ఆయన పేటెంట్ తీసుకోలేదు. 1904లో జర్మనీలో థర్మోస్ పేరుతో అమ్మకం మొదలైంది. డ్యూవర్ కోర్టుకెళ్లి ఓడిపోయాడు. మన టీ ఫ్లాస్కు కథ అదీ.

పాలమీగడ | 10:40

మా స్టీలు ఫ్లాస్కు ఈమధ్య రెండు గంటలకే చల్లారిపోతోంది. మూత రబ్బరు మార్చాను, లాభం లేదు. ఇంకో ప్రశ్న, బాబుకి రాత్రి పాలపొడి పాలు కలిపి ఫ్లాస్కులో ఉంచొచ్చా?

టీబండి_అన్న | 11:15

మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలాగి బయట చెయ్యి పెట్టి చూడు చెల్లె. మెడ కాడ జర వెచ్చగుంటే పర్వాలేదు, లోపలి గోడ, బయటి గోడ అక్కడనే కలుస్తయి. కింద పొట్ట కాడ వెచ్చగుంటే లోపల గాలి దూరినట్టే. ఇగ అది బాగుపడదు, చల్ల పోసుకునేందుకు పెట్టుకో.

డాలస్_డికాక్షన్ | 11:30

బాబు పాలు మాత్రం కలిపి ఉంచకండి. గోరువెచ్చటి పాలు క్రిములకి పండగ. మరిగించిన నీళ్లు ఫ్లాస్కులో పెట్టుకుని అప్పటికప్పుడు కలపండి. పొడి కలిపేటప్పుడు నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కలిపాక సీసాని చల్లటి నీళ్లలో పెట్టి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. పాడైన ఫ్లాస్కులో నీళ్లు తెల్లవారుజాముకి 70 ఉండవు, ముందు అది మార్చండి. మాకు ఇద్దరు పిల్లలు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. మీ డాక్టర్‌నీ ఒకసారి అడగండి.

పాత_పిడక | మధ్యాహ్నం 2:20

మీరంతా మూతలూ ఫ్లాస్కులూ అంటున్నారు. మా చిన్నప్పుడు దాలి ఉండేది. పొద్దున పిడకలు రాజేసి పాలకుండ పెడితే సాయంత్రం దాకా సన్న సెగకి కాగుతూనే ఉండేవి. అరచేతి మందం మీగడ, ఎర్రటి పాలు. ఐసు సంగతా, దిమ్మెని ఊకలో పాతిపెట్టేవారు. ఊకలో గాలి ఉంటుంది కదా, మాస్టారి తువ్వాలు పోగుల్లాగా.

అన్నట్టు మీగడ కట్టిన పాల మీద పొగ రాదు. చల్లారాయనుకుని నోట్లో పోసుకుంటే నాలుక కాలుతుంది. నూనె తేలిన చేపల పులుసూ అంతే. అది మూత కాదా?

సుద్దముక్క | 2:41

అయ్యా, నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ ఉదాహరణ నాకు తట్టలేదు. అది మూతే. పొగ కనిపించడం లేదంటే ఆవిరి పోవడం లేదని, అంటే వేడి లోపలే ఉందని. వంటింటి కిటికీ గారూ, పాపకి ఈ పని అప్పగించండి: ఒక గ్లాసులో నీళ్ల మీద చెంచాడు వేరుశనగ నూనె.

నాలుగో_ఫ్లోర్ | 3:05

మధ్యలో ఒక మాట. అసలు ఎంత వేడిగా తాగాలి? అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో 65 డిగ్రీలు దాటిన పానీయాలను "బహుశా క్యాన్సర్ కారకం" అనే జాబితాలో పెట్టింది, అన్నవాహిక క్యాన్సర్ విషయంలో. అంటే మూతా తువ్వాలూ కలిపి 76 దగ్గర నిలబెట్టి వెంటనే తాగడం గొప్పేమీ కాదు. 60కి కాస్త అటూ ఇటూగా ఎక్కువ సేపు ఉంచడం కదా కావాల్సింది?

గోదారి_గట్టు | 3:12

ఇరానీ హోటల్లో సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగే మా నాన్న అందరికంటే ముందే సైన్సు కనిపెట్టాడన్నమాట. వెడల్పు పెంచు, ఆవిరి పెంచు, చల్లార్చు.

సుద్దముక్క | 3:30

గ్లాసు నుంచి డవరాలోకి ఎత్తి పోసే ఫిల్టర్ కాఫీ కూడా అదే. చల్లార్చడంలో మనవాళ్లు ముందే ఆరితేరారు, వేడి నిలపడమే ఇప్పుడు నేర్చుకుంటున్నాం. నాలుగో ఫ్లోర్ బాబు అన్నది సబబు. తాతగారికి మూత పెట్టిన గ్లాసు ఇచ్చి, పది నిమిషాల తర్వాత మూత తీసి తాగమనండి.

వంటింటి_కిటికీ | మంగళవారం రాత్రి 9:00

ఆలస్యానికి మన్నించండి, నిన్నంతా స్కూలు హడావుడి. టీచర్‌కి తడి తువ్వాలు కథ బాగా నచ్చిందట. తప్పు లెక్కలూ సరైన లెక్కలూ పక్కపక్కన రాసింది.

గాజు గ్లాసు సంగతి: ఫాయిల్ లేకుండా 62, ఫాయిల్‌తో 65. మాస్టారు చెప్పినట్టే గాజుకి పనిచేసింది.

నూనె గ్లాసు: 85 నుంచి 20 నిమిషాలకి 70. మూత (72) దాకా రాలేదు గానీ ఉత్త గ్లాసు కంటే 7 డిగ్రీలు ఎక్కువ. పైన పొగే లేదు, ముట్టుకుంటే చుర్రుమంది.

తాతయ్యగారికి సోమవారం నుంచి మూత పెట్టిన గ్లాసు ఇస్తున్నాం. మొదటి రోజు "ఇదేంటి, మందు గ్లాసులా మూత?" అన్నారు. తీసేసరికి మూతకి పట్టిన నీళ్లు పేపరు మీద చుక్కలు పడ్డాయి, అదో గొడవ. ఇప్పుడు మూత తీసి పళ్లెంలో బోర్లించడం నేర్చుకున్నారు. రెండోసారి వెచ్చబెట్టే పని తప్పింది.

గోదారి_గట్టు | 9:06

పందెం డబ్బులు?

వంటింటి_కిటికీ | 9:14

ఇచ్చారు. ఇచ్చి, ఆ తర్వాత కళ్లజోడు లేకుండా వచ్చి, టేబుల్ మీద ఉన్న నూనె గ్లాసు మంచినీళ్లనుకుని ఒక గుక్క తాగారు. అప్పటికి చల్లారిపోయింది లెండి, నాలుక కాలలేదు. ఇంక ప్రయోగాలన్నీ వంటింటి గట్టు మీదే చెయ్యాలని ఆర్డరు వేశారు.